సారాంశం చాలదు

1979లో అమెరికాలో ‘ది నేషన్’ పత్రిక మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ ఆత్మకథను అచ్చుకాకముందే సంపాదించి వ్యాసం వేసింది. నిక్సన్‌ను ఎందుకు క్షమించాడన్నదే అందులో అసలు సంగతి. రెండు లక్షల మాటల రాతప్రతి నుంచి యథాతథంగా ఎత్తి రాసినవి సుమారు 300. ప్రచురణకర్తలు దావా వేశారు.

కాపీరైటుకు ‘పరిమిత కాలం’ అని హద్దు గీసింది ఆ రాజ్యాంగమే. వాక్‌స్వేచ్ఛను హరించే చట్టం వద్దన్నది దాని మొదటి సవరణే. అయినా 1985లో సుప్రీంకోర్టు 6-3తో పత్రికదే తప్పంది. సంగతులు అందరివీ, మాటలు మాత్రం రాసినవాడివట! జస్టిస్ బ్రెన్నన్ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేను. మావాళ్ల ఉర్దూ మాటలు తెలుగు పత్రికల్లో ‘సారాంశం’గా మారి నిందలైపోవడం చూసినవాణ్ణి. ఏలినవాడు ఏమన్నాడన్నదే కాదు, ఎలా అన్నాడన్నదీ వార్తే.

2003లో ఎల్డ్రెడ్ కేసులో, రచయిత మరణానంతరం 50 ఏళ్లుండే హక్కును 70కి పెంచినా అదీ ‘పరిమితమే’ అంది అదే కోర్టు.