ఏడు షిల్లింగులు, ఒక షిల్లింగు

మా పెదనాన్నగారబ్బాయి మెల్బోర్న్‌లో ఉంటాడు, పడమటి వైపు టార్నీట్ అనే పేటలో. ఫోన్ చేసినప్పుడల్లా వెనక గిన్నెల చప్పుడు. వాళ్ళకి రాత్రి భోజనాలయ్యే వేళ అది, అంట్లు తోముకుంటూ మాట్లాడతాడు. "నువ్వూ వచ్చెయ్యరా" అని ఏడాదిగా పోరు. ఒకసారి "అక్కడ పనిమనిషి దొరకదా అన్నయ్యా?" అంటే నవ్వాడు. "దొరక్కేం. గంటకి ఎంతివ్వాలో తెలుసా నీకు?"

తెలీదు. తెలుసుకుందామని, మా వృత్తిలో అందరూ చేసే పనే చేశాను. ఎక్సెల్ తెరిచి ఒక పక్క ఆస్ట్రేలియా, ఇంకో పక్క ఇండియా అని రాసుకున్నాను.

ఆస్ట్రేలియాలో 2025 జులై 1 నుంచి కనీస వేతనం గంటకి 24.95 డాలర్లు. వారానికి 38 గంటల లెక్కన 948 డాలర్లు. ఇండియాలో కేంద్రం 2019లో చెప్పిన జాతీయ కనీస స్థాయి రోజుకి 178 రూపాయలు. దానికి చట్టబద్ధత లేదు, సలహా లాంటిది. చాలా రాష్ట్రాలు తమ తమ జాబితాల్లో ఇంతకంటే ఎక్కువే రాస్తాయి. అయినా దేశం మొత్తానికి ఒక్క అంకె కావాలంటే దొరికేది అదే. డాలరు 56 రూపాయలనుకుంటే అక్కడ గంటకి దాదాపు 1400, ఇక్కడ గంటకి 22. అరవై రెట్ల పైమాటే. కొనుగోలు శక్తి లెక్క కట్టి సరిచేస్తే తేడా నాలుగో వంతుకి దిగుతుంది, అయినా పదిహేను రెట్లు ఉంటుంది. ఇలాంటి పోలికలు మనం రోజూ చూస్తూనే ఉంటాం, చూసి నిట్టూరుస్తాం. నన్ను ఆపింది ఇంకో వరస. అక్కడ పూర్తికాలం ఉద్యోగి సగటు జీతం వారానికి సుమారు 2000 డాలర్లు, అంటే అట్టడుగు మనిషికి అందేది సగటులో దాదాపు సగం. ఇక్కడ నెల జీతగాళ్ళ సగటు 20 వేల చిల్లర. 178ని 26 రోజులతో హెచ్చవేస్తే 4,628. ఐదో వంతుకి కాస్త పైన. ఈ లెక్కలో డాలరు రేటు లేదు, పేదదేశం అన్న సాకూ లేదు. దేశం ఎంత పేదదైనా తన సగటులో సగం ఇవ్వొచ్చు కదా?

ఆ సగం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే, టార్నీట్ నుంచి మా అన్నయ్య ఆఫీసుకెళ్ళే రైలు దారిలోనే దొరికింది. ఆ దారిలో సన్‌షైన్ అని ఒక స్టేషను ఉంది. ఎండకీ దానికీ సంబంధం లేదు, అది ఒక ఫ్యాక్టరీ పేరు. హెచ్.వి.మెక్కే అనే ఆయన అక్కడ పంటకోత యంత్రాలు తయారుచేసేవాడు. 1906లో ఆస్ట్రేలియా ఒక చిత్రమైన చట్టం చేసింది. వ్యవసాయ యంత్రాల మీద పన్ను వేసి, పనివాళ్ళకి న్యాయమైన జీతం ఇచ్చే యజమానికి ఆ పన్ను మాఫీ అంది. మెక్కే మాఫీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. న్యాయమైన జీతం అంటే ఎంత? చట్టం చెప్పలేదు. తేల్చే పని జస్టిస్ హిగ్గిన్స్ మీద పడింది.

ఆయన బజారు ధర అడగలేదు, కంపెనీ లాభమూ అడగలేదు. కూలీల భార్యల్ని పిలిచి ఇంటి ఖర్చులు అడిగాడు. అద్దె, మాంసం, రొట్టె, పాలు, కట్టెలు, కూరలు, పళ్ళు అన్నీ కలిపి అయిదుగురున్న ఇంటికి వారానికి సగటున 32 షిల్లింగుల 5 పెన్నీలు తేలింది. ఇందులో చేరనివి ఇంకా ఏమున్నాయో ఆయన వరసగా రాసుకుంటూ పోయాడు. దీపాలు, బట్టలు, బూట్లు, యూనియన్ చందా, పుస్తకాలు, పత్రికలు, ట్రామ్ టికెట్లు, కుట్టుమిషను, పిల్లల బడి సామాను, వినోదం, మందు, పొగాకు, జబ్బులు, చావులు, ఇంటిపనికి సాయం, దానధర్మాలు. కూలివాడి బడ్జెట్‌లో పత్రికలూ దానధర్మాలూ! 1907 నవంబరు 8న తీర్పు వచ్చింది. నైపుణ్యం లేని కూలికైనా రోజుకి 7 షిల్లింగులు, వారానికి 42. మెక్కే ఇస్తున్నది 6. మరుసటేడు హైకోర్టు ఆ పన్ను చట్టాన్నే కొట్టేసింది కానీ, 7 షిల్లింగుల అంకె మాత్రం పోలేదు. తర్వాతి తీర్పుల్లో అదే కొలబద్ద అయి కూర్చుంది.

ఇక్కడిదాకా చదివి నేనూ హిగ్గిన్స్ అభిమానినైపోయాను. తర్వాత ఫిజీ సంగతి కనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సిడ్నీలో ప్రధాన కార్యాలయమున్న కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ, ఫిజీ దీవుల్లో చెరకు తోటలూ మిల్లులూ నడుపుతోంది. పని చేసేది మనవాళ్ళు. ఐదేళ్ళ ఒప్పందం మీద ఓడల్లో వెళ్ళినవాళ్ళు. 'అగ్రిమెంట్' అన్న మాట వాళ్ళ నోళ్ళలో నలిగి 'గిర్మిట్' అయింది. మొదట్లో కలకత్తా నుంచే వెళ్ళేవారు. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరిచారు. ఉత్తర ఆర్కాటుతోపాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచీ జనం వెళ్ళారు. ఒప్పందంలో కూలి స్పష్టంగా రాసుంది. తొమ్మిది గంటల పనిదినానికి మగవాడికి ఒక షిల్లింగు, ఆడదానికి 9 పెన్నీలు. అప్పజెప్పిన కొలత పూర్తి చెయ్యకపోతే అదీ పూర్తిగా చేతికి రాదు.

ఒకే కాలం, ఒకే రాజు బొమ్మ ఉన్న నాణెం, యజమాని కూడా అదే దేశంవాడు. సన్‌షైన్‌లో ఏడు, ఫిజీలో ఒకటి. మన కాకినాడ కూలి ఏడు షిల్లింగుల కోసం మెల్బోర్న్ వెళ్దామన్నా కుదరదు, 1901 వలస చట్టం తెల్లవాళ్ళకే తలుపు తీసింది. అంటే ఆ ఏడు షిల్లింగులకి చుట్టూ ఒక కంచె ఉంది. ఆ కంచె దేశంలోపల కూడా ఉంది. 1919లో బట్టలు కుట్టే పరిశ్రమ కేసులో ఆడవాళ్ళ మూల వేతనాన్ని మగవాళ్ళదాంట్లో 54 శాతంగా తేల్చింది ఈ హిగ్గిన్సే. ఆమెకి కుటుంబాన్ని పోషించే బాధ్యత లేదు కదా అన్నది వాదన. 1974 దాకా కనీస వేతనంలో ఆ తేడా పూర్తిగా పోలేదు. ఉత్తర ప్రాంతపు పశువుల క్షేత్రాల్లో పనిచేసే ఆదివాసులకైతే 1966లో సమాన వేతనం తీర్పు వచ్చినా అమలు 1968 డిసెంబరుకి వాయిదా వేశారు. ఆ 1966 ఆగస్టులోనే విన్సెంట్ లింగియారి వెంట గురిందిజీ జనం వేవ్ హిల్ క్షేత్రం నుంచి పని వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు అడిగింది చివరికి జీతం కూడా కాదు, భూమి.

మరి మన పక్క? 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. ఎంత ఇవ్వాలో లెక్క కట్టే పద్ధతి మాత్రం అందులో లేదు. అది 1957లో పదిహేనో భారత కార్మిక సదస్సులో కుదిరింది, చూడబోతే హిగ్గిన్స్ పద్ధతికి తమ్ముడే. మనిషికి 2700 కేలరీల తిండి, ఏడాదికి 18 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇంధనం వగైరాలకి మొత్తంలో 20 శాతం. తిండి లెక్క డాక్టర్ అయ్‌క్రాయిడ్‌ది. ఆయన నడిపిన కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నేను ఆ గేటు ముందునుంచే బస్సులో వెళ్ళాను, ఇంత కథ ఉందని తెలీదు.

18 గజాలంటే మూడు చీరలు. రవికెలు ఎందులోంచి వస్తాయో సదస్సువారు చెప్పలేదు. అసలు చూడాల్సింది కుటుంబం లెక్క: మొగుడు 1, పెళ్ళాం 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6, వెరసి మూడు యూనిట్లు, సంపాదించేది ఒక్కరు. 0.8 జీతం కాదు, తిండిలో వాటా. అయినా ఫిజీ 9 పెన్నీల పక్కన పెట్టి చూస్తే నాకు ఎందుకో నచ్చలేదు. అమ్మానాన్నలకి అసలు యూనిట్టే లేదు. చదువు, మందులు, పండగలు, ముసలితనం, పెళ్ళిళ్ళు మనిషి ఖర్చులేనని ఇంకో 25 శాతం కలిపింది 1991లో సుప్రీంకోర్టు, రెప్టకోస్ బ్రెట్ కేసులో. హిగ్గిన్స్ జాబితా దాకా చేరడానికి మనకి 84 ఏళ్ళు పట్టింది. అదీ కాగితం మీద. కేంద్రం వేసిన సత్పతి కమిటీ 2019లో కుటుంబాన్ని 3.6 యూనిట్లకి పెంచి, తిండి, బట్ట, అద్దె అన్నీ కట్టి రోజుకి 375 రూపాయలు ఉండాలంది. అదే ఏడాది ప్రభుత్వం 176ని 178 చేసింది. రెండు రూపాయలు!

ఇవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాక ఒక సాయంత్రం, అడక్కూడని ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. మా ఇంట్లో అంట్లు తోమే అక్కకి మేమెంత ఇస్తున్నాం? నెలకి 2,500, రోజుకో గంట. గంటకి 83 రూపాయలు. జాతీయ స్థాయికి దాదాపు నాలుగు రెట్లు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కూడా కనీస వేతనాల జాబితాలో చేర్చిందని అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి కాస్త బెరుగ్గానే లెక్క వేశాను. 83 చూసి తేలికపడ్డాను, ఓ అర నిమిషం. తర్వాత హిగ్గిన్స్ పద్ధతిలో అడుగుదామనిపించింది.

అక్క నాలుగిళ్ళు చేస్తుంది, నెలకి పదివేలు. రేకుల గది అద్దె నాలుగున్నర వేలు. ఇద్దరు పిల్లలు, చిన్నోడికి ట్యూషన్. తల్లికి బీపీ, షుగరు గోళీలు. చిట్టీ వెయ్యి. భర్త లేడు. 1957 లెక్కలో ఆమెని 1 అనాలో 0.8 అనాలో నాకు తెలియలేదు, ఆ తల్లిని ఏమనాలో అసలే తెలియలేదు. నేను ఫోన్‌లో టైపు చేసుకోవడం చూసి గిన్నె పక్కన పెట్టింది.

"గివన్నీ ఎందుకు రాస్తున్నవ్ సార్? జీతం పెంచుతవా?"

పెంచాం. ఐదొందలు. ఐదొందలే ఎందుకంటే నా ఎక్సెల్‌లో దానికి సూత్రమేమీ లేదు. అంతకన్నా ఎక్కువిస్తే పక్క ఫ్లాటు వాళ్ళు మనల్ని అడుగుతారు అంది మా ఆవిడ.