బావిలో తొమ్మిది, పట్టాల పక్కన ఒకటి

2020 మే 21న అప్పటి వరంగల్ రూరల్ జిల్లా గీసుకొండ మండలం గొర్రెకుంటలో, గోనె సంచులు కుట్టే గోదాము పక్కనున్న బావిలో నాలుగు శవాలు తేలాయి. తెల్లారి మరో ఐదు. ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఒకే కుటుంబం వాళ్లు, అందులో మూడేళ్ల పసివాడు ఒకడు. ఇద్దరు బిహార్ కూలీలు, ఒకరు త్రిపుర మనిషి. లాక్‌డౌన్ రోజులు కావడంతో ఆకలికి తాళలేక చచ్చిపోయారన్న మాటే ముందు పుట్టింది.

ఆ మాట నిలవలేదు. ఊపిరాడే మనిషి నీళ్లలో పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో శవపరీక్ష చేసిన వైద్యులు, వీళ్లు బావిలో పడేటప్పటికి బతికే ఉన్నారన్నారు. ఇది ఆత్మహత్యకూ సరిపోతుంది, హత్యకూ సరిపోతుంది. అయితే ఒళ్లు ఈడ్చినట్టు గీరుకుపోయిన గుర్తులు ఆత్మహత్యకు పొసగవు. దానికి తోడు ఆ రాత్రి సైకిలు మీద గోదాము వైపు వెళ్లి తెల్లవారుజామున తిరిగొచ్చిన మనిషి సీసీ కెమెరాలో కనిపించాడు. మే 25న పోలీసులు అతన్ని అరెస్టు చూపించారు. మే 20 రాత్రి తిండిలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను గోనె సంచుల్లో మోసి బావిలో పడేశాడన్నది ప్రాసిక్యూషన్ వాదన. అదే ఏడాది అక్టోబరు 28న వరంగల్ సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. మన కోర్టుల నడక తెలిసినవాళ్లకు ఐదు నెలలంటే ఎంత వేగమో చెప్పనక్కర్లేదు.

అసలు సంగతి బావికి అవతల ఉంది. ఆ కుటుంబానికి దగ్గరి బంధువైన ఒక మహిళ మార్చి నుంచి కనిపించడం లేదు. ఆమె ఏమైందని ఇంటివాళ్లు, ఆమెను వెంట తీసుకెళ్లిన ఆ నిందితుణ్ని నిలదీశారు, పోలీసులకు చెబుతామన్నారు. తొమ్మిది హత్యలకూ అదే కారణమని దర్యాప్తు తేల్చింది. ఆమెను రైల్లో తీసుకెళ్తూ, మజ్జిగలో మత్తు కలిపి, గొంతు బిగించి, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడదవోలు దగ్గర కిందికి తోసేశాడని పోలీసులు చెప్పారు. శవం దొరికింది మరో రాష్ట్రం రైల్వే పోలీసులకు, మనిషి తప్పిపోయింది ఇక్కడ. రెండున్నర నెలలు ఈ రెంటినీ కలిపి చూసినవాళ్లు లేరు.

ఇతన్ని సీరియల్ కిల్లర్ అనవచ్చా? అమెరికా ఎఫ్‌బీఐ 2005లో నిపుణులను కూర్చోబెట్టి కుదుర్చుకున్న నిర్వచనం ప్రకారం, ఒకే నేరగాడు వేర్వేరు ఘటనల్లో ఇద్దరిని లేదా అంతకంటే ఎక్కువ మందిని చంపితే చాలు. ఆ లెక్కన మార్చి ఒకటి, మే ఒకటి, ఇతను ఆ నిర్వచనం కిందికే వస్తాడు. నాకు మాత్రం కొంచెం జంకు ఉంది. రెండో ఘటన మొదటిదాన్ని కప్పిపుచ్చడానికి చేసింది. సినిమాల్లో చూపే చంపడం మీది మోజు దీంట్లో కనపడదు.

జనగామకు పక్కనే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ కేసు ఆ పేరుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో పద్నాలుగేళ్ల బాలిక శవం పాడుబడ్డ బావిలో దొరికింది. నిందితుణ్ని విచారించాక అదే ఏడాది మార్చిలో తప్పిపోయిన మరో అమ్మాయి అవశేషాలూ, 2015లో తప్పిపోయిన పదకొండేళ్ల పాప ఎముకలూ బావుల నుంచే బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. కానీ ఆ మాట వల్ల వస్తువో అవశేషమో దొరికితే, దానికి సంబంధించినంత మేరకు మాట చెల్లుతుందని అప్పట్లో అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 27వ సెక్షన్ అంది. ఇలాంటి కేసుల్లో బావిలోంచి తీసిన ఎముకకున్న బరువు అదే.

రెండు కేసుల్లోనూ వరుస ఒకటే. హంతకుడు చివరి హత్యలో దొరికాడు, పాతవి తర్వాత బయటికొచ్చాయి. కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో ప్రసాదంలో సైనైడ్ పెట్టి పదిమందిని చంపాడని 2019 నవంబరులో పట్టుబడ్డవాడి కథా ఇంతే. ఆ చావుల్లో కొన్ని గుండెపోటు కింద పోయాయి. హంతకుడు ఉన్నాడని తెలియనప్పుడు వేట ఎక్కడ మొదలవుతుంది? డిటెక్టివ్ చురుకుదనం కంటే ముందు, తప్పిపోయినవాళ్ల జాబితానూ గుర్తు తెలియని శవాల జాబితానూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక కావాలి. మూడు కేసులతో సూత్రం కట్టడం తొందరపాటే, కానీ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఆ ఓపిక మన జిల్లాలకూ కావాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 దాకా చాలావరకు ఒకే వరంగల్ జిల్లా. ఇప్పుడు జనగామ వరంగల్ కమిషనరేట్ కింద ఉంది, మిగతా రెంటికీ వేరే ఎస్పీలు. బోర్లు వచ్చాక వదిలేసిన వ్యవసాయ బావులు మూడు చోట్లా ఉన్నాయి, పొరుగు రాష్ట్రాల కూలీలూ ఉన్నారు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. నేరం జరిగిందని చెబితే తమ పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ ఉన్నది అందుకే. మీ వీధిలో అద్దెకుండే కూలీ మనిషి చెప్పాపెట్టకుండా కనపడకుండా పోతే, ఊరెళ్లి ఉంటారులే అనుకోకండి. వెళ్లి రాసివ్వండి.