గోదావరిఖని : అంటువ్యాధుల విజృంభణము, నివారణ చరిత్ర

గోదావరిఖని తెలంగాణ రాష్ట్రమున పెద్దపల్లి జిల్లాయందు గోదావరీనదికి దక్షిణపు గట్టున వెలసిన బొగ్గుగనుల పట్టణము; రామగుండము నగరపాలక సంస్థలో నంతర్భాగము. 2011 జనాభా లెక్కల ననుసరించి ఆ నగర జనసంఖ్య 2 లక్షల 29 వేలకు పైబడినది. ఒక వంక నది, ఒక వంక ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు, నడుమ కంపెనీ క్వార్టర్లు, వాని నంటిపెట్టుకొని పెరిగిన బస్తీలు గల యీ చోట వానకాలము వచ్చిన ప్రతిసారియు జ్వరములును వచ్చుచునే యున్నవి. ఇచ్చటి వారు గనిని 'బాయి' యనియు, కలరాను 'గత్తర' యనియు, మశూచిని 'అమ్మవారు' అనియు వ్యవహరింతురు. పేరు తెలియని వానకాలపు జ్వరముల కన్నింటికిని 'విషజ్వరము' అను నొక్కటే పేరు. అట్టి వ్యాధులు ఒక్కుమ్మడిగా ప్రబలినప్పుడు ఈ ప్రాంతమున జరిగిన ప్రతిక్రియల చరిత్ర యీ వ్యాసమునకు విషయము.

గనులు త్రవ్వబడుటకు పూర్వము అనేక శతాబ్దులపాటు గోదావరీతీర గ్రామములలో గత్తరకును అమ్మవారికిని ప్రజ లెఱిగిన ప్రతిక్రియ, ఊరి పొలిమేరలో పోచమ్మకు బోనము పెట్టుట, గుమ్మమునకు వేపమండలు కట్టుట, రోగి యున్న యింటికి రాకపోకలు మానుట మున్నగునవి. వీనిలో కడపటిది నేటి వైద్యులును మెచ్చదగిన యాచారము.

1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొంది, 1889లో బొగ్గు తీయ నారంభించెను. దాని వారసత్వముననే 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. రైలుబండి బొగ్గుతోపాటు రోగములను కూడ మోసెను. 1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు, 1918లో అదే రేవున దిగిన ఇన్‌ఫ్లుయెంజా, ఇనుపదారి వెంబడి దక్కను లోనికి వ్యాపించినవి. ఇంతలో 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించి, 1902లో నోబెల్ బహుమానము నందుకొనెను. నిజాము రాజ్యములోనే జరిగిన ఆ మహత్తర పరిశోధనకు ఫలముగా దోమలపై దేశవ్యాప్తమైన పోరు 1953లోగాని మొదలు కాలేదు.

భూమిలోపలి పనికి ప్రత్యేకమైన అంటురోగ మొకటి కలదు. చెమ్మగల వెచ్చని సొరంగములలో మలవిసర్జనకు చోటు లేనప్పుడు, వట్టికాళ్ళతో పనిచేయువారి పాదముల చర్మమును దొలిచికొని కొంకిపురుగు శరీరమున ప్రవేశించి, పేగుల నంటి రక్తమును పీల్చును. 1880 ప్రాంతమున ఆల్ప్సు పర్వతములలోని సెయింట్ గొథార్డ్ సొరంగమున కూలీలు పాలిపోయి కూలిపోవుటతో వైద్యలోకము దీనిని గమనించెను. 1902లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనులలో శరీరశాస్త్రజ్ఞుడు హాల్డేన్ దీనినే నిరూపించెను. మన దేశమున 1952 గనుల చట్టము ప్రతి గనియందును మంచినీరు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్సా సామగ్రి ఉండితీరవలెనని శాసించుటకు వెనుక ఇట్టి యనుభవములు కలవు. బాయి దిగువాని కాలికి బూటు తొడిగించుట రాతిదెబ్బ నుండి మాత్రమే గాక ఈ పురుగు నుండియు రక్షించు ఉపాయమని గ్రహింపవలెను.

రామగుండపు బొగ్గుపొరలపై ఇంక్లైనులు (ఏటవాలు గనిదారులు) తెరువబడి, వాని చుట్టు గోదావరిఖని లేచినది 1960 దశాబ్దారంభమున. చరిత్రలో ఇది విచిత్రమైన కాలసంయోగము. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము 1958లో నిర్మూలన కార్యక్రమముగా మారి, ఇంటింట గోడలకు డి.డి.టి. చల్లగా, దేశమంతటను మలేరియా రోగుల సంఖ్య 1965 నాటికి లక్షకు దిగెను. రోగము పోయినదను ధీమాతో జాగ్రత్త సడలెను. దోమలు మందునకు లొంగకుండ నయ్యెను. 1976లో రోగుల సంఖ్య 64 లక్షల కెక్కెను. ఈ నడుమ పదునైదేండ్లలోనే పల్లెల నుండి వలసవచ్చిన వేలాది కుటుంబములు గుడిసెలలో తలదాచుకొని గోదావరిఖనిని పట్టణముగా చేసినవి. 1978లో రామగుండమున తాపవిద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరుగుటయు, 1980లో ఎరువుల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించుటయు ఆ వలసను మఱింత పెంచినవి. క్వార్టరు దొరకిన వానికి కంపెనీ నల్లా, కంపెనీ దవాఖాన లభించినవి. దొరకని వానికి రెండును లేవు. ఈ భేదము తరువాతి ప్రతి వ్యాధి విజృంభణమునందును కనబడును.

మలేరియావలె గాక, మశూచి 1975లో దేశమున అంతరించెను.

2003వ సంవత్సరపు వేసవి చివర ఈ ప్రాంతపు తల్లిదండ్రులు నేటికిని మరువలేనిది. ఆ జూను మాసము మొదలు ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశములో, ముఖ్యముగా వరంగల్లు, గోదావరిఖని చేరియుండిన కరీంనగరు జిల్లాలలో, పిల్లలు ఉన్నట్లుండి జ్వరపడి గంటల వ్యవధిలో చనిపోసాగిరి. సాయంకాలము వాకిట ఆడుకొన్న బిడ్డకు రాత్రి జ్వరము, వాంతులు, పిమ్మట ఫిట్సు, ఆ పైన స్పృహ తప్పుట. తెల్లవారి బండి కట్టించుకొని పట్టణపు ఆసుపత్రికి చేరునప్పటికే ఆలస్యమై పోవుచుండెను. మొదట జపానీయ మెదడువాపని యనుమానించిరి. పరీక్షలలో అది తేలలేదు. పూనాలోని జాతీయ విషాణు విజ్ఞాన సంస్థ పరిశోధకులు వచ్చి నమూనాలను గొనిపోయి శోధింపగా, 1965లో నాగపూరు చెంత చండీపుర గ్రామమున ఇద్దరు జ్వరపీడితుల రక్తమున దొరకి, నాటి నుండి పెద్దగా పట్టించుకొనబడక యుండిన విషాణువు బయల్పడెను. మొత్తము 329 మంది పిల్లలు ఈ వ్యాధి పాలు గాగా 183 మంది మరణించిరని ఆ సంస్థవారు 2004లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిరి. నూటికి ఏబదియైదుగురు! హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రికి చెందిన డాక్టరు పి. నాగభూషణరావు మొదలగువారు ఇది సామాన్యమైన మెదడువాపు కాదనియు, మెదడు రక్తనాళములకు తగిలిన ఆకస్మికాఘాత మనియు వాదించి అదే సంవత్సరమున తమ వ్యాసమును వెలువరించిరి. బిడ్డల మంచముల చెంత కూర్చుండి వ్రాసికొన్న లక్షణములపై నాధారపడిన ఆ వాదము గౌరవింపదగినది.

ఈ విషాణువును మోయునది ఇసుకయీగ. ఇది దోమలో మూడవ వంతుండును. రెక్కలను పైకెత్తి వాలును. ఎగురుట కంటె గెంతుటయే ఎక్కువ. దోమవలె రొద చేయదు. దోమతెర కన్నములగుండ సైతము దూరగలదు. పగలు మట్టిగోడ పగుళ్ళలోను, పశువుల కొట్టపు చెమ్మ మూలలలోను దాగియుండి, చీకటి పడినంతనే బయటికి వచ్చును. చేతిదీపమును గోడవారగా పట్టి చూచిన, పగులు అంచున ఆవగింజంత లేత గోధుమవన్నె పురుగులు ఒక్క గంతు వేసి మరల పగులులోనికే మాయమగుట కనబడును. కావున నాటి ప్రతిక్రియ ఆసుపత్రి కంటె గోడలపైననే ఎక్కువగా జరుగవలసి వచ్చెను: ఇంటి లోపలి గోడలకు మందు చల్లుట, పగుళ్ళకు మట్టియో సిమెంటో మెత్తుట, పేడకుప్పలను, కొట్టములను ఇంటికి దూరము చేయుట. ఔషధము లేని వ్యాధికి తాపీ యొక్కటే ఔషధమైనది. ఆ యేడు లేక పోయిన సాధన మింకొకటి కలదు. ఫోను చేసినంతనే వచ్చు 108 వాహనము రాష్ట్రమున 2005 ఆగస్టు 15నగాని మొదలు కాలేదు.

అటుపిమ్మటి కాలము చికున్‌గున్యాను, డెంగీని వ్యాపింపజేయు పులిదోమది. 1963లో కలకత్తాయందును, 1964లో విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరములందును కానవచ్చి అణగిపోయిన చికున్‌గున్యా, 2005 చివర మరల తలయెత్తి, 2006లో దేశమున 13 లక్షలకు పైగా జనులను కీళ్ళనొప్పులతో మంచము పట్టించెను. డెంగీ అంతకంటె క్రూరమైనది. 2019లో తెలంగాణమున 13 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యెను. ఆ అక్టోబరులో, గోదావరి కావలి గట్టున నున్న మంచిర్యాలలో ఒకే కుటుంబమునకు చెందిన నలుగురు పక్షము దినములలో వరుసగా మరణించిరి. అందొకరు ప్రసవించిన మఱునాడే కన్నుమూసిన తల్లి. రాష్ట్రోన్నత న్యాయస్థానము ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని పిలిపించి, నివారణ చర్యల విషయమున సంజాయిషీ యడిగెను.

ఈ పులిదోమ మురికికాలువలో పుట్టదు. నల్లా వచ్చు వేళ గంట రెండు గంటలే యైనప్పుడు బస్తీవారు డ్రమ్ములలో, గాబులలో, సిమెంటు తొట్లలో నీరు పట్టియుంతురు. ఆ మంచినీటనే ఇది గ్రుడ్లు పెట్టును. కూలరు అడుగు, పాత టైరు, కొబ్బరిచిప్ప దీనికి చాలును. ఆశా కార్యకర్త గాబు మూత తీసి, టార్చిలైటు వేసి, నీటిని ఒకమారు తట్టిన, పైన తేలుచున్న సన్నని పురుగులు మెలికలు తిరుగుచు అడుగునకు దిగును. ఆమె ఇంటి యిల్లాలికి వాని నరచేతిలో పోసి చూపును. వేయి కరపత్రములు చేయలేని పని ఆ చేయి చేయుచున్నది. శుక్రవారము 'డ్రై డే' యని పేరుపెట్టి, ఆ దినమున తొట్లన్నియు వంపి ఆరబెట్టవలెనను నియమము ఈ గాబుల వలననే పుట్టినది. గ్రుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు పట్టును గనుక, వారమున కొకమారు ఎండగట్టిన చాలును.

2020 మార్చి 13న ఢిల్లీలో బయలుదేరిన సంపర్క్‌క్రాంతి బండి నుండి మరునాడు రామగుండము స్టేషనున దిగి కరీంనగరు చేరిన ఇండొనేషియా యాత్రికులకు కొవిడ్ ఉన్నట్లు ఆ వారములోనే తేలెను. అప్పటికి రాష్ట్రమున మొదటి కేసు బయటపడి పక్షమే యైనది. ఆ బోగీలోని తోడి ప్రయాణికులను వెదకుట, కరీంనగరున వంద బృందములు ఇల్లిల్లు తిరిగి జ్వరము చూచుట, వీధులను మూయుట రెండు మూడు దినములలో జరిగినవి. రోగులను దోషులుగా చూచిన వారు కొందఱు లేకపోలేదు. ఇల్లిల్లు తిరిగిన ఆరోగ్య సిబ్బంది మాత్రము రోగమునే వెదకిరి. ఏప్రిలు మొదటి తేదీ నుండి సింగరేణిలో భూగర్భ గనులకు లే-ఆఫ్ ప్రకటింపబడెను. ఓపెన్‌కాస్టు గనులు మాత్రము నడచినవి. షిఫ్టు మొదట ల్యాంపు రూము కిటికీ యొద్ద బారులు తీరి, చేతినుండి చేతికి టోపీ దీపము లందుకొని, ఇరుకు దారిన గుంపుగా దిగి, చెమట కారు గాలిలేని చోట ఎనిమిది గంటలు పనిచేయువానికి ఆరడుగుల దూరము పాటింపుమని చెప్పుట ఎట్టిదో బాయి నెఱిగినవారే యెఱుగుదురు. 2021 మే మాసపు రెండవ ఉప్పెనలో ప్రభుత్వము ఇంటింటి జ్వర సర్వే జరిపి, లక్షణములున్న వారికి పరీక్షకై వేచియుండక మందుల సంచి నిచ్చెను. జూనులో సింగరేణి తన కార్మికులకు సామూహిక టీకా శిబిరములు నడపెను. మస్టరు పడనిదే కూలి లేని కాంట్రాక్టు కార్మికుడు జ్వరమును దాచి పనికి వచ్చుట ఈ కాలమున పెద్ద చిక్కు. ఇంటనున్న దినములకు వేతనము నిచ్చుట రోగనివారణలో భాగమేయని ఈ అనుభవము నేర్పినది.

రోగి కంటబడక మునుపే రోగమును పట్టు పద్ధతికి రాష్ట్రముననే చక్కని నిదర్శనము కలదు. 2016లో హైదరాబాదు అంబరుపేట మురుగునీటిలో పోలియో రెండవ రకపు విషాణువు కానవచ్చెను. ఒక్క బిడ్డయు పక్షవాతము పాలుగాక మునుపే, జూను 20 నుండి వారము దినములలో మూడు లక్షల మంది పిల్లలకు టీకా వేసిరి. ఇట్టి నిదర్శనమే విదేశమున నొకటి కలదు: 2024లో పాలస్తీనాలోని గాజాయందు జూలైలో మురుగునీటిలోనే అదే రకపు విషాణువు తేలినది. ఆగస్టులో పది నెలల శిశువు కాలు పడిపోయెను. పాతికేండ్లలో అచ్చట అది మొదటి కేసు. శరణార్థుల గుడారముల నడుమ మురుగు పారుచుండ, బాంబుల నడుమ కొద్ది గంటల విరామములు పొంది, సెప్టెంబరు 1 నుండి ఆరోగ్య సిబ్బంది 5 లక్షల 60 వేల మందికి చుక్కలు వేసిరి. వారి ధైర్యమును ఎంత కొనియాడినను తక్కువయే.

2022 నవంబరు 15న రామగుండమున 150 సీట్లతో సింగరేణి వైద్యవిజ్ఞాన సంస్థ తరగతులు మొదలైనవి. దూరపు పట్టణములకు మోసికొనిపోవలసిన రోగికి ఊరిలోనే పెద్దాసుపత్రి లభించుట మేలైన మార్పు. ఇసుకయీగ మాత్రము పోలేదు. 2024 జూను, ఆగస్టుల నడుమ దేశమున, ముఖ్యముగా గుజరాతున, 245 మందికి మెదడువాపు సోకి 82 మంది మరణింపగా, 64 మందియందు చండీపుర విషాణువే నిర్ధారణ యయ్యెను. దానికి టీకా గాని, ప్రత్యేకౌషధము గాని నేటికిని లేదు. వానకాలము రాకమునుపే మట్టిగోడల పగుళ్ళు పూడ్చుకొనుడు. రాత్రివేళ బిడ్డకు జ్వరముతో ఫిట్సు వచ్చినచో తెల్లవారుదాక చూడక 108కి ఫోను చేయుడు.