కోలారు జిల్లా, కె.జి.ఎఫ్. ఇళ్లలో కలప: శక్తి పొదుపు, సుస్థిరత

కర్ణాటక ఆగ్నేయ మూలన, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని ఉన్న కోలారు జిల్లాలో పునాది నుంచి కప్పు దాకా కర్రతోనే కట్టిన ఇళ్లు అరుదు. అయినా ఈ సీమలో పాత ఇల్లన్నది కర్ర లేకుండా నిలబడలేదు. గోడ రాయిదో మట్టిదో అయితే కప్పును మోసేవి దూలాలు, చూరును మోసేవి కర్ర స్తంభాలు. వేడిని ఆపడంలో, నిర్మాణానికి ఖర్చయ్యే శక్తిని తగ్గించడంలో కలపకు ఇక్కడ ఉన్న విలువ ఈ కూర్పు వల్ల వచ్చిందే. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.) గనుల చరిత్ర, జిల్లాను కమ్మేసిన నీలగిరి (యూకలిప్టస్) తోటల చరిత్ర ఈ విషయంతో విడదీయరాకుండా ముడిపడి ఉన్నాయి.

వాతావరణం

జిల్లా సముద్ర మట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీలకు దిగుతుంది. వేసవిలోనూ పగటికీ రాత్రికీ మధ్య పది డిగ్రీలకు పైగా తేడా ఉండడం ఇక్కడి ముఖ్య లక్షణం. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు కాస్త పైగా వాన పడుతుంది. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు.

ఇటువంటి చోట ఇంటికి ప్రధాన శత్రువు నడినెత్తిన కాసే ఎండ. గోడలకంటే కప్పు మీదే అది ఎక్కువసేపు పడుతుంది. చలి దేశాల్లో కర్ర ఇంటి గొప్పతనం లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనీయకపోవడం. కోలారులో ఆ అవసరం ఏడాదిలో కొన్ని వారాలే. ఇక్కడ కావలసింది పగటి ఎండను లోపలికి రానీయని కప్పు, పగలు కాస్త వేడిని తీసుకొని రాత్రి చల్లగాలికి వదిలేసే బరువైన గోడ.

మట్టిమిద్దె, తొట్టి ఇల్లు

ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు పల్లెల్లోని పాత మిద్దెలు రాయలసీమ మిద్దెలకు అచ్చంగా చుట్టాలు. గోడల మీద అడుగున్నర, రెండడుగుల ఎడంలో దూలాలు పరుస్తారు. వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద తంగేడు కంపో సన్నని పుల్లలో దట్టంగా కప్పుతారు. దాని మీద జానెడు మందాన తడిమట్టి తొక్కి, పైన చవుడు మట్టి పోస్తారు. చవుడు తడిస్తే ఉబ్బి సందులు పూడుకుపోతాయి, అందుకే నీరు దిగదు. ఏటా తొలకరికి ముందు మిద్దె మీద మళ్లీ చవుడు తోలడం ఇంటి పనుల్లో ఒకటి. వంటింటి పొగ పోవడానికి, పగటి వెలుతురు రావడానికి మిద్దెలో గవాక్షం వదిలేవారు.

ఈ కప్పులో ఏ పొర పని దానిది. జానెడు మట్టి మధ్యాహ్నపు ఎండను మింగి దాన్ని లోపలికి చేరనివ్వడానికి ఐదారు గంటలు తీసుకుంటుంది. ఆ వేడి దిగే సరికి సాయంత్రమవుతుంది, బయట గాలి చల్లబడుతుంది. కింద ఉన్న కర్ర, పుల్లల పొర వేడిని ఇంకాస్త అడ్డుకుంటుంది. దీనికి చెల్లించే మూల్యం బరువు. చదరపు మీటరుకు మట్టి బరువే మూడు వందల కిలోలు దాటుతుంది. అంత భారాన్ని మోయాలంటే వేప, నల్లమద్ది వంటి గట్టి కర్ర దూలాలు కావాలి. ఒక ఏడు చవుడు పోయడం మరిచిపోతే వాన దిగి, దూలం కొస గోడలో ఉన్నచోటే మెత్తబడుతుంది. చెదలు పట్టేదీ అక్కడే. మట్టిమిద్దెలు కూలిన చోట తరచుగా తప్పు కర్రది కాదు, ఏటేటా జరగాల్సిన మరమ్మతు ఆగిపోవడమే కారణం.

కలవారి తొట్టి ఇళ్లలో నడిమధ్య ఆకాశానికి తెరిచిన వాకిలి, దాని చుట్టూ నాటు పెంకుల వాలు కప్పు, దాన్ని మోసే కర్ర స్తంభాలు ఉంటాయి. స్తంభాన్ని నేలలో పాతరు. చెక్కిన రాతి దిమ్మె మీద నిలబెడతారు. నేల తేమ గానీ చెదలు గానీ కర్రను నేరుగా అందుకోలేకుండా ఈ అరడుగు రాయి కాపాడుతుంది. ఏ రసాయనమూ పూయని స్తంభాలు తరాల తరబడి నిలిచింది ఈ దిమ్మె పుణ్యానే. మధ్య తొట్టిలోంచి వేడిగాలి పైకి పోతుంటే చుట్టూ గదుల్లోకి కొత్త గాలి వస్తుంది. ఫ్యాను లేని రోజుల్లో ఇంటికి గాలి ఆడించింది ఈ అమరికే.

తర్వాతి కాలంలో మాలూరు పెంకుల ఫ్యాక్టరీల పెంకులు వచ్చాయి. వాటి కప్పు మట్టిమిద్దెకన్నా ఎన్నో రెట్లు తేలిక కాబట్టి సన్నని కర్రతో సరిపోతుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది కూడా. కానీ కింద చెక్క అటక లేకపోతే మధ్యాహ్నం పెంకు వేడి నేరుగా తల మీదికే దిగుతుంది.

రాతి పలకలు

కోలారు గ్రానైట్ పలకలను నిలువుగా పాతి గోడలు కట్టడం, అడ్డంగా పరిచి కప్పు వేయడం ఇక్కడ మామూలు. రాయికి నిర్మాణ శక్తి ఖర్చు లేదనుకుంటాం. కానీ పూర్వం పలకను పరుపుబండ నుంచి విడదీసేది కట్టెల మంటతో. మంటను మెల్లగా బండ మీద జరుపుకుంటూ పోతే పై పొర వేడికి వ్యాకోచించి విడివడేది. 19వ శతాబ్దం చివర బెంగళూరు ప్రాంతంలో ఈ పద్ధతిలో 60 అడుగుల పొడవున్న పలకను ఊడదీసినట్టు నమోదైంది. అంటే రాతి ఇంటి వెనకా అడవి కట్టె ఉంది.

గనుల ఊరు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు బంగారు గనుల్లోకి అడుగుపెట్టాక కలప అవసరం ఒక్కసారిగా పెరిగింది. భూగర్భంలో తవ్విన ఖాళీలు కూలకుండా మొద్దులను గూళ్లుగా పేర్చి ఆధారం ఇచ్చేవారు. లోతు పెరిగేకొద్దీ రాతి పేలుళ్లు పెరిగాయి. కర్ర నలిగిపోతుంది, అంటుకుంటుంది. దాంతో క్రమంగా చెక్కిన గ్రానైట్ దిమ్మెల గోడలు ఆ స్థానంలోకి వచ్చాయి. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు చేరింది.

శక్తి సంగతికొస్తే 1902 ఒక మలుపు. ఆ ఏడాది జూన్‌లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 148 కిలోమీటర్ల తీగల గుండా గనులకు జలవిద్యుత్తు చేరింది. బెంగళూరు నగరానికి కరెంటు వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు. 1902కు ముందు గనుల యంత్రాలు నడిచింది ఆవిరి మీద, అంటే బొగ్గు, కట్టెల మీద.

ఇళ్ల విషయంలో ఒకే ఊళ్లో రెండు లోకాలు ఏర్పడ్డాయి. ఊరిగాం, చాంపియన్ రీఫ్స్ గుట్టల మీద దొరలు బంగళాలను ఎత్తైన పునాదులు, మందపాటి గోడలు, పెంకుల కప్పు, కింద చెక్క అటక, చుట్టూ వరండాలతో కట్టుకున్నారు. వరండా గోడల మీద ఎండ పడనివ్వదు. అటకకూ పెంకులకూ మధ్య ఉన్న ఖాళీలో వేడిగాలి చిక్కుకొని పైనుంచే పోతుంది. ఈ ప్రాంతపు ఎండకు ఇంతకన్నా తగిన కప్పు కట్టడం కష్టం.

గనిలోకి దిగే కార్మికులు ఉన్నది ‘లైన్లు’ అనే వరస ఇళ్లలో. ఉత్తర ఆర్కాటు నుంచి, అప్పట్లో అందులోనే భాగమైన చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చిన తమిళ, తెలుగు కుటుంబాలకు దొరికింది వెదురు తడికలకు మట్టి మెత్తిన ఒంటిగది గుడిసె. కొన్నిటికి గడ్డి, మరికొన్నిటికి జింకు రేకుల కప్పు. కాగితం మీద లెక్కేస్తే ఈ తడికె గుడిసెకు పట్టిన శక్తి బంగళాలో పదో వంతు కూడా ఉండదు. ఐనా దాన్ని సుస్థిరమైన ఇల్లనడం అన్యాయం. సన్నని తడికె చలిని ఆపలేదు, రేకు ఎండను ఆపలేదు, నిప్పురవ్వ పడితే వరస మొత్తం కాలేది. ఇల్లు ఎంత తక్కువ శక్తితో కట్టారన్నది ఎంత ముఖ్యమో, అందులో మనిషి ఎలా బతికాడన్నదీ అంతే ముఖ్యం. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు రేకు కింద నిద్రపోవాల్సిన మనిషికి ఆ కప్పే రెండో గని.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. లైన్లలో ఇప్పటికీ జనం ఉంటున్నారు, చాలా ఇళ్లకు రేకులే కప్పు. ఊరి చుట్టూ సైనైడ్ దిబ్బలుగా పిలిచే గని వ్యర్థాల గుట్టల్లో మూడు కోట్ల టన్నులకు పైగా పొడి ఉంది. గాలి కాలంలో ఆ దుమ్ము ఇళ్లలోకి రాకుండా కిటికీలు మూసుకోవాలి, మూస్తే ఉక్క. సరిగ్గా అమరిన చెక్క కిటికీ రెక్క ఇక్కడ ఆరోగ్య విషయం. ఈ వ్యర్థాలతో ఇటుకలు చేయవచ్చా అని కె.జి.ఎఫ్.లోనే పుట్టిన జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ పరిశోధకులు పరీక్షించి, సాధ్యమేనని 2007లో ప్రచురించారు.

లెక్కలు

వేడిని ఆపడంలో ఒక అంగుళం కలప సుమారు ఐదు అంగుళాల ఇటుకకు, పద్దెనిమిది అంగుళాల గ్రానైట్‌కు సమానం. వేడిని దాచుకోవడంలో మాత్రం అదే ఘనపరిమాణమున్న గ్రానైట్ కలపకన్నా రెండున్నర రెట్లు మేలు. కాబట్టి కోలారులో గోడకు రాయి, మట్టి, కప్పుకు కర్ర అన్న పాత పంపకం భౌతిక శాస్త్రానికి సరిపోతుంది. పలుచని చెక్క గోడల ఇల్లు మధ్యాహ్నం త్వరగా వేడెక్కుతుంది. బెంగళూరు శివార్ల నుంచి ఇటువైపు పాకుతున్న ఫామ్‌హౌస్ క్యాబిన్లకు ఏసీలు అవసరం కావడానికి ఇదో కారణం.

నివాస భవనాలకు 2018లో వచ్చిన ఈకో నివాస్ సంహిత ప్రకారం కప్పులోంచి వేడి ప్రసరణ చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించకూడదు. ఒట్టి రేకు కప్పుకు అది ఐదు దాకా ఉంటుంది. రేకు కింద రెండంగుళాల చెక్క వేస్తే రెండు లోపుకు దిగుతుంది, నాలుగంగుళాలైతే నియమానికి సరిపోతుంది.

నిర్మాణ శక్తి విషయంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన బి.వి. వెంకటరామరెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో ప్రచురించిన లెక్కలు దక్షిణాదికి ఆధారం. కాంక్రీటు చట్రంతో కట్టిన బహుళ అంతస్తుల భవనానికి చదరపు మీటరుకు 4.21 గిగాజూళ్లు, మామూలు ఇటుక గోడల ఇంటికి 2.92, సిమెంటు కొద్దిగా కలిపి అదిమిన మట్టి దిమ్మెల ఇంటికి 1.61 అవుతాయని వారు తేల్చారు. ఆ మట్టి దిమ్మెల పరిజ్ఞానం 1974లో ఆ సంస్థలో మొదలైన అస్త్ర కేంద్రంలో పెరిగింది.

ఎండిన కలప బరువులో సగం కర్బనం. ఘనమీటరుకు 500 కిలోలు తూగే కలప సుమారు 900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తనలో బంధించి ఉంచుతుంది. ఆ దూలం ఇంట్లో ఉన్నన్నాళ్లే ఈ లాభం. పొయ్యిలోకి పోయిన నాడు అంతా గాలిలో కలుస్తుంది.

నీలగిరి తోటలు

కర్ర ఇంటిని సమర్థించేవారు ఆ కర్ర ఎక్కడ పెరిగిందో చెప్పి తీరాలి. కోలారుకు ఇది బాగా తెలిసిన బాధ. టిప్పు సుల్తాను కాలంలో, 1790 ప్రాంతంలో, నంది కొండ మీద నాటిన యూకలిప్టస్ చెట్ల నుంచే మైసూరు గమ్ అనే రకం దేశమంతా పాకింది. ఆ కొండ 2007 దాకా కోలారు జిల్లాలోనిదే. 1980లలో ప్రపంచ బ్యాంకు సాయంతో సాగిన సామాజిక వనాల పథకంతో జిల్లాలో రాగి చేలు నీలగిరి తోటలయ్యాయి. కూలీల ఖర్చు లేదు, పశువులు మేయవు, గుజ్జు మిల్లులు కొంటాయి. రైతును తప్పుపట్టలేం.

పొరుగునే ఉన్న హొసకోటె దగ్గర జలశాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం జరిపిన పరిశీలనల్లో లోతైన నేలల్లో నీలగిరి ఏడాదిలో పడిన వానకన్నా ఎక్కువ నీరు తాగుతున్నట్టు తేలింది. వేర్లు నేల అడుగున నిలవున్న తేమను తోడుతున్నాయన్నమాట. బోర్లు వెయ్యి అడుగులు దాటిన జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

ఇంత నీరు తాగి పెరిగిన కర్ర ఇంటికి పనికొచ్చింది తక్కువ. కోయగానే లోపలి బిగువుకు చీలుతుంది, ఎండేటప్పుడు మెలితిరుగుతుంది. ఎక్కువ భాగం గుజ్జుకు, బెంగళూరు కట్టడాల సెంట్రింగ్‌కు పోయింది. ఉన్న చెట్లను మాత్రం బోరాక్సు, బోరిక్ ఆమ్లం వంటి వాటితో శుద్ధి చేసి కప్పు వాసాలుగా వాడటం గుజ్జు చేయడంకన్నా మేలు. ఇకపై కలప రావలసింది గట్ల మీది సిల్వర్ ఓక్, వేప, పనసల నుంచి, శ్రీనివాసపురం వైపు కాపు ఉడిగిన పాత మామిడి నుంచి. మామిడి పలకకు పురుగు త్వరగా పడుతుంది. శుద్ధి చేస్తే అటకకు బాగానే ఆగుతుంది.

నియమాలు

1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. నీలగిరి, సర్వి, సిల్వర్ ఓక్, సుబాబుల్ వంటి వాటికి మినహాయింపు ఉంది. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కలప వాడకాన్ని నిషేధించి, 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. మధ్యలో గడిచిన 27 ఏళ్లలో అల్యూమినియం, ప్లాస్టిక్ కిటికీలు ప్రభుత్వ భవనాల నుంచి పల్లె ఇళ్ల దాకా పాకాయి. వెంకటరామరెడ్డి, జగదీశ్‌ల లెక్క ప్రకారం కిలో అల్యూమినియానికి 236.8 మెగాజూళ్ల శక్తి పడుతుంది, సిమెంటుకు ఆరు లోపే.

ఇప్పటి స్థితి

జిల్లా పల్లెల్లో ఇప్పుడు కట్టే ఇళ్లన్నీ దాదాపు కాంక్రీటు మిద్దెలే. చవుడు పోసే పని లేదు, చెదల భయం లేదు, బ్యాంకు అప్పు సులువు. ఈ కారణాలు న్యాయమైనవే. కానీ కాంక్రీటు పలక కింద చెక్క అటకో, పైన తెల్ల సున్నమో లేనప్పుడు రాత్రి పదింటికి కూడా గది ఉడుకుతుంది. పాత మిద్దె కింద పెరిగినవారు ఈ తేడాను ఎవరూ చెప్పకుండానే గుర్తిస్తారు.

పాత ఇల్లు కూల్చే కుటుంబాలు దూలాలను, ద్వారబంధాలను వంటచెరకు ధరకు తోలేయకుండా కొత్త ఇంటి కప్పులోనో, కిటికీల్లోనో తిరిగి వాడుకోవాలి. ఏనాడో ఆరి, చెదలను తట్టుకొని నిలిచిన ఆ వేప దూలానికి సాటి రాగల కొత్త కర్ర ఇవాళ కోలారు కలప అడితుల్లో దొరకదు.