వేడిమిని తెలుపు తీగెలు

ధవళేశ్వరము వద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టా సస్యశ్యామలమైనది. కాలక్రమమున అచ్చట కర్మాగారములును వెలసినవి. రాజమహేంద్రవరములోని కాగితపు మిల్లు 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ అను పేరుతో ప్రారంభమై, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అయినది. తణుకులో ఆంధ్రా షుగర్స్ సంస్థ 1947లో ఏర్పడినది.

ఈ రెండు పరిశ్రమలకును వేడిమి ప్రాణము వంటిది. వెదురు, సరుగుడు మొదలగు వాని ముక్కలను క్షారద్రావణముతో మూసిన పాత్రలలో సుమారు 165–170 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉడికించి కాగితపు గుజ్జు చేయుదురు. వేడి చాలకున్న ముక్కలు ఉడకవు. మించినచో నారల బలము తగ్గును. చెరకు పాకమును గాలి తీసిన పాత్రలలో తక్కువ వేడి వద్దనే కాచెదరు. లేనిచో పంచదార రంగు చెడును. కనుక పాత్రలోని వేడి ఎంతయో దూరముననున్న నియంత్రణ గదికి సరిగా తెలియవలెను.

ఈ వార్తను మోయునది విద్యుత్తు. రెండు వేర్వేరు లోహపు తీగెలను కలిపి ఒక కలయికను వేడిచేసినచో సమీపమునందలి దిక్సూచి ముల్లు కదలునని సీబెక్ 1821లో కనుగొనెను. ఇదియే ఉష్ణయుగ్మమునకు మూలము. వేడితో పాటు ప్లాటినము తీగె నిరోధము పెరుగుటను ఉష్ణమాపకముగా వాడవచ్చునని విలియం సీమెన్స్ 1871లో చూపెను. 1887లో కాలెండర్ ఆ సాధనమును నమ్మదగినదిగా తీర్చిదిద్దెను.

అయితే ఈ వార్త మిక్కిలి సన్నని గొంతుతో పలుకును. క్రోమెల్–అల్యుమెల్ ఉష్ణయుగ్మము ఒక డిగ్రీకి ఇచ్చునది సుమారు 41 మైక్రోవోల్టులు. అనగా టార్చిలైటు ఘటమిచ్చు 1.5 వోల్టులలో దాదాపు 36,000వ వంతు. ఆ ప్రక్కనే 415 వోల్టుల మోటారు తీగెలుండును. మారుచున్న అయస్కాంత క్షేత్రము తీగె చుట్టలో విద్యుత్తును పుట్టించునని ఫారడే 1831లోనే నిరూపించెను. సెకనుకు 100 మారులు దిశ మార్చుకొను మోటారు ప్రవాహము ఉష్ణయుగ్మపు తీగెలలో అర మిల్లీవోల్టు పుట్టించినను, సూచిక 12 డిగ్రీల వరకు అటునిటు ఊగును. అంత తేడాతో గుజ్జు చెడుట తథ్యము.

దీనికి విరుగుడు టెలిఫోను నుండి వచ్చినది. జంట తీగెలను మెలివేయు పద్ధతికి గ్రాహం బెల్ 1881లో పేటెంటు పొందెను. ఒక మెలికలో పుట్టిన విద్యుత్తును తరువాతి మెలికలో పుట్టినది ఎదిరించి రద్దు చేయును. విద్యుత్ క్షేత్రమును అడ్డుటకు జంటపై లోహపు రేకు తొడుగుదురు. ఆ తొడుగును ఒక కొననే భూమికి కలుపవలెను. రెండు కొనలను కలిపినచో, రెండు చోట్ల భూమి వోల్టేజి సమానము కాదు గనుక, తొడుగులోనే ప్రవాహము పారి క్రొత్త గొడవ తెచ్చును. మోటారు తీగెలకు ఎడముగా పోవుట, దాటవలసి వచ్చినచో లంబకోణమున దాటుట మరి రెండు నియమములు.

ప్లాటినము సాధనమునకు మరొక చిక్కు కలదు. సున్న డిగ్రీల వద్ద 100 ఓములుండు తీగె, డిగ్రీకి సుమారు 0.385 ఓము పెరుగును. పోవు తీగె, వచ్చు తీగె చెరియొక ఓము అయినచో, లేని 5 డిగ్రీలు లెక్కలో చేరును. సీమెన్స్ మూడవ తీగెను చేర్చి ఆ నిరోధమును తీసివేయు ఉపాయము చేసెను.

1969లో అమెరికాలో మోడికాన్ సంస్థ పరిశ్రమలకై ప్రోగ్రాము ననుసరించు నియంత్రకమును తెచ్చెను. నేటి నియంత్రకములు వోల్టేజిని అంకెలుగా మార్చునప్పుడు సెకనులో 50వ వంతు కాలము సగటు తీసి, మోటారు తీగెల మ్రోతను చాలవరకు అణచివేయును. దూరము ఎక్కువైనచో, వేడిని 4 నుండి 20 మిల్లీ ఆంపియరుల ప్రవాహముగా మార్చి పంపుదురు. తీగె పొడవున ప్రవాహము మారదు. తీగె తెగినచో సున్న చూపును గనుక లోపము వెంటనే తెలియును.

సాధనము ఎంత మేలైనదైనను, తీగె తప్పు చెప్పినచో నియంత్రకము తప్పునే నమ్మును. ఫారడే సూత్రమును పాఠశాలలో నేర్చిన విద్యార్థికి, రెండు తీగెలను మెలివేయుటలోని మర్మము సుబోధకమే.