రామదాసపాత్రధారి నాగయ్య

దమ్మపేట సత్తుపల్లినుండి అశ్వారావుపేటకు పోవు మార్గమున అడవియంచునందున్న గ్రామము. పాల్వంచమీదుగా ఉత్తరమునకు సాగిన యాత్రికుడు గోదావరిని దాటి భద్రాద్రిని చేరును. నైజాముల కాలమున ఈ భాగము హైదరాబాదు రాజ్యములోనిది. భద్రాచలము తాలూకా 1860లో ఇంగ్లీషువారి వశమయ్యెను, ఖమ్మము మండలమున గలసినది 1959లో మాత్రమే. రాజ్యముల యెల్లలు ఎన్నిమార్లు మారినను ఈ సీమవారికి కంచెర్ల గోపన్న తమవాడే. నేలకొండపల్లి యాతని జన్మస్థలము. పాల్వంచ పరగణా యాతని యధికారస్థానము. కావున గోపన్న వేషమును ధరించిన నటుని విలువ కట్టుటకు ఈ సీమ తగిన యొరగల్లు.

రామదాసకథ 1933లోనే టాకీగా వెలువడెను. 2006లో ‘శ్రీరామదాసు’ అను పేర మరల వెలువడెను. ఈ రెంటినడుమ 1964లో చిత్తూరు నాగయ్యగారు స్వయముగా దర్శకత్వము వహించి, తామే గోపన్నగా నటించిన చిత్రము కలదు. విచార్యము ఈ నడిమి చిత్రమును, దానిని నిర్మించిన నటుని జీవితమును.

నాగయ్యగారి యింటిపేరు ఉప్పలదడియము. జననము 1904 మార్చి 28. చిత్తూరి రామవిలాససభవారి నాటకములతో పెనగొనిన ప్రథమజీవితము కారణముగా ఆ పురనామము వారికి ఇంటిపేరువలె అంటుకొనెను. 1938లో హెచ్. ఎం. రెడ్డిగారి ‘గృహలక్ష్మి’తో చలనచిత్రమున ప్రవేశించిరి. తరువాత వాహినీసంస్థవారి ‘వందేమాతరము’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) వరుసగా వచ్చెను. కె. వి. రెడ్డిగారి ‘భక్తపోతన’ (1943)తో వారి కీర్తి తెలుగునేల యంతటను వ్యాపించెను. ‘త్యాగయ్య’ (1946) వారి స్వీయదర్శకత్వమున వచ్చినది. ‘యోగివేమన’ (1947) మరల కె. వి. రెడ్డిగారిది. అరవమునందును వారికి గౌరవస్థానము లభించెను. సుబ్బులక్ష్మిగారు మీరాగా నటించిన చిత్రమున (1945) రాణా వీరే.

ఈ పట్టికను జూచి వీరిని ‘భక్తనటుడు’ అని ముద్రవేసి ఊరకుండుట వాడుకయైనది. ఇది అర్ధసత్యము. ‘స్వర్గసీమ’ (1945)యందు వీరు ధరించినది పత్రికాసంపాదకుడగు ఒక గృహస్థు పాత్ర. అతడు నాటకములాడు స్త్రీ మోహమున బడి యిల్లాలిని విడనాడును. వేమన కథలో భోగి యోగి యగువఱకు గల మార్గ మంతయు నటింపవలసియుండెను. భక్తిమాత్రముచే నిట్టి పాత్రములు సిద్ధింపవు. పాత్రమునకును పాత్రధారికిని భేదము చూడలేనివాడు నటుని స్తుతించుచున్నట్లు తలచి యాతని విద్యను అపహరించుచున్నాడు.

ఆ విద్య యేది? భరతుడు అభినయమును ఆంగిక వాచిక ఆహార్య సాత్త్వికములని నాలుగు విధములుగా విభజించెను. నాగయ్యగారి బలము వాచికమున గలదు. ఆ కాలపు తెలుగు రంగస్థలమున పద్యము రాగమునకు దాసి యయ్యెను. ఒక్కొక్క చరణము చివర దీర్ఘమైన ఆలాపన, దానికి కరతాళములు, ‘వన్సుమోరు’ అను కేకలు, మరణించినట్లు నటించినవాడు సైతము లేచి పద్యమును మరల బాడుట. పాణినీయశిక్ష అధమపాఠకులను ఆర్వురను లెక్కించినది. వారిలో మొదటివాడు ‘గీతి’, అనగా చదువవలసినదానిని పాటగా మార్చువాడు. తల యూపుచు చదువువాడును, అర్థ మెఱుగక చదువువాడును ఆ యార్వురలోనివారే. శిక్షాకారుడు వేదపాఠమును ఉద్దేశించి చెప్పిన యీ దోషములు మన నాటకశాలలయందు గుణములుగా చెల్లుబడి యయ్యెను.

నాగయ్యగారు ఆ రంగస్థలమునుండియే వచ్చినవారు, పైగా సంగీతజ్ఞులు. రాగము సాగదీయుటకు శక్తి లేక మానినవారు కారు. ఐనను చిత్రమున వారు పద్యమును అన్వయానుసారముగా విఱిచి, పదము పదమున కర్థము స్ఫురించునంత మేరకే స్వరమును వాడిరి. భరతుడు కాకువును సాకాంక్షము, నిరాకాంక్షము అని రెండుగా జెప్పెను. మాట ముగిసియు అర్థ మింకను నిలిచియుండునట్లు పలుకుట మొదటిది. అర్థము పూర్ణముగా విశ్రమించునట్లు పలుకుట రెండవది. ‘భక్తపోతన’లో దేవునితో మాటలాడునప్పుడు వారి స్వరము సాకాంక్షము: ఉత్తరమునకు వేచియున్నవాని కంఠమది. లోకులతో మాటలాడునపుడు నిరాకాంక్షము. వ్యాకరణము చదివినవానికి ఈ భేదము వెంటనే చెవికి తగులును. మైకు దీనికి తోడ్పడెను. నాటకశాలలో చివరివరుసవానికి వినబడుటకై కేక వేయవలెను. చిత్రమున మెల్లగా పలికిన మాటయు పల్లెటూరి డేరాహాలు వఱకు చేరును. ఈ యంత్రధర్మమును తొలుత గుర్తించిన తెలుగునటులలో వీరొకరు.

ఆంగ్లపత్రికలవారు వీరిని ‘భారతదేశపు పాల్ మ్యూనీ’ యనిరి. మ్యూనీ అమెరికాదేశపు నటుడు. 1936లో పాశ్చరుగను, 1937లో జోలాగను నటించి చారిత్రకపురుషుల వేషములకు ప్రసిద్ధుడయ్యెను. పోలిక కొంతవఱకు చెల్లును. కాని మ్యూనీ ధరించిన పురుషులు తమ కృతిని పాడి వినిపింపవలసినవారు కారు. త్యాగరాజ వేషధారి పాడక తీరదు. నటుడే గాయకుడు, గాయకుడే సంగీతకర్త యగుట నాగయ్యగారి విశేషము. పిమ్మట నేపథ్యగానము సర్వత్ర వ్యాపించి, ఆ మూడు పనులును ముగ్గురి పాలయ్యెను.

పోతన, త్యాగయ్య, రామదాసు, ఈ మువ్వురును రామభక్తులే. రాజుతోడి సంబంధమున మాత్రము భిన్నులు. పోతన కృతిని రాజున కీయడయ్యె నని లోకగాథ. త్యాగయ్య తంజావూరి రాజసభకు పోడయ్యె నని చెప్పుదురు. గోపన్న యట్లుగాక రాజు కొలువున నున్నవాడు, పన్ను వసూలు చేయువాడు. తానీషా 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలెను. గోపన్న పండ్రెండేండ్ల చెఱ ఆ కాలముననే యని ప్రతీతి. కావున గోపన్నపాత్రము మువ్వురిలో కఠినము: భక్తియు, అధికారియొక్క అపరాధమును ఒక్క ముఖమునందే తోపవలెను. నాగయ్యగారు అఱువదియేండ్ల వయస్సున దీనిని ధరించిరి.

చిత్రములు తీసియు, దానములు చేసియు నాగయ్యగారు తమ ధనమును పోగొట్టుకొనిరి. అంతట లోకులు ‘గుడి కట్టి గోపన్న చెఱ పాలయ్యెను, చిత్రము తీసి నాగయ్య దరిద్రుడయ్యెను’ అని ఉపమానము కల్పించిరి. వినుటకు సొగసే, విచారించిన నిలువదు. గోపన్న వ్యయించినది సర్కారుసొమ్ము, నాగయ్యగారు వ్యయించినది స్వార్జితము. గోపన్నకు చెఱ విధించిన రాజు కలడు, బాకీ తీర్చిన రాముడును కథలో కలడు. నాగయ్యగారికి ఆ రెండును లేవు. ఆ తరువాత వారు చిన్నపాత్రములతో జీవనము సాగించిరి. అందును ‘లవకుశ’ (1963)లోని వాల్మీకివంటివి కొన్ని తప్ప తక్కినవి వారి శక్తికి చాలినవి కావు.

1965లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగెను. 1973 డిసెంబరు 30వ తేదీన మదరాసున మరణించిరి. ఆ నగరమున పానగల్ ఉద్యానవనమువద్ద వారి విగ్రహము కలదు. నటుని స్వరము విగ్రహమున నుండదు. ‘భక్తపోతన’, ‘త్యాగయ్య’ చిత్రములలో నున్నది. పాఠశాలలయందు పద్యపఠనము నేర్పు పండితులు శిష్యులకు వీనిని వినిపించి, ఎచ్చట పదము విఱిచిరో, ఎచ్చట ఊపిరి నిలిపిరో గుర్తింపజేయుట మంచిది.