కురుమూర్తి జాతర: విలువలు, వృత్తులు

అమరచింత వనపర్తి జిల్లాలోని మండల కేంద్రం, చేనేతకు పేరున్న ఊరు. ఒకప్పటి అమరచింత సంస్థానం ఆత్మకూరు రాజధానిగా నడిచింది. ఒక సమాజం దేన్ని గొప్పదిగా ఎంచుతుందో తెలియాలంటే ఇక్కడ దీపావళి తర్వాత మొదలయ్యే కురుమూర్తి స్వామి జాతరను చూడాలి.

గుడి అమరచింతకు పక్కనే ఉన్న చిన్నచింతకుంట మండలంలో, గుట్టల నడుమ ఉంది. స్వామికి పట్టువస్త్రాలు అమరచింత పద్మశాలీలు నేస్తారు. సంస్థానాధీశులు చేయించిన నగలు ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా వస్తాయి. అయితే జాతరకు ప్రాణం ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి పాదుకలు. చిన్నవడ్డెమాను అనే ఊళ్లో దళితులు నిష్ఠతో తోలు కోసి, కుట్టి, వాటిని తయారుచేస్తారు. వాటిని గుడికి ఊరేగింపుగా తీసుకెళ్తుంటే దారి పొడవునా జనం ఎగబడి, ఆ చెప్పులను కళ్లకద్దుకుంటారు, నెత్తిన పెట్టుకుంటారు.

తోలు ముట్టిన చేతిని అంటరానిదన్న సమాజమే ఆ చేతి పనికి మొక్కడం ఇందులోని అసలు విశేషం. భక్తి అనే విలువ కులపు కట్టడిని ఆ కాసేపు పక్కకు నెట్టింది, పూర్తిగా చెరిపెయ్యలేదు. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 17వ అధికరణం 1950లో అమల్లోకి వచ్చింది. జాతర ఏడాదికోసారి ఇచ్చే గౌరవాన్ని ఆ అధికరణం రోజువారీ హక్కుగా చేసింది. బావి దగ్గర, హోటల్లో, బడిలో దక్కాల్సింది ఆ హక్కే.